పాలమూరు పిల్లలమర్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే మర్రి ఇది. చూడటానికి వచ్చేవాళ్లు, తమ ఊళ్లోనూ పాత మర్రి ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి. 2017 చివర్లో ఈ చెట్టుకు వచ్చిన ఆపద గురించి, దాన్ని కాపాడిన పద్ధతి గురించి కాస్త వివరంగా రాశాం. మన ఊళ్లలో ఇంకా బతికున్న పెద్ద మర్రిచెట్లన్నిటికీ అది పనికొస్తుంది.

పిల్లలమర్రికి ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ దాటి జడ్చర్ల దాకా వచ్చి, అక్కడ కుడివైపు మహబూబ్‌నగర్ రోడ్డు పట్టుకోవాలి. రైల్లో అయితే కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే బండ్లు మహబూబ్‌నగర్‌లో ఆగుతాయి. ఊళ్లోంచి చెట్టు దగ్గరికి 4 కిలోమీటర్లు ఉంటుంది, ఆటోలు దొరుకుతాయి. ఎండాకాలంలో పాలమూరు ఎండ సంగతి తెలిసిందే కాబట్టి పొద్దున్నే చేరుకోవడం మంచిది.

మ్యాప్‌లో పేరు కొడితే సూర్యాపేట చూపిస్తోంది. ఏది సరైనది?

రెండూ నిజమైనవే, కానీ వేర్వేరు చోట్లు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఒక ఊరు. అక్కడ కాకతీయుల కాలపు ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలున్నాయి, వీలైతే అవీ చూడదగ్గవే. చెట్టు కోసమైతే పేరు పక్కన మహబూబ్‌నగర్ అని తప్పకుండా చేర్చండి. రెండు చోట్లూ హైదరాబాద్‌కు చెరోవైపు ఉన్నాయి, పొరపాటు పడితే ఒక పూట పోతుంది.

నిజంగా 700 ఏళ్ల చెట్టేనా? వలయాలు లెక్కపెట్టారా?

700 ఏళ్లు అన్నది తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న అంచనా. వలయాలు లెక్కపెట్టి తేల్చింది కాదు, అలా తేల్చడం మర్రి విషయంలో కుదరదు కూడా. చలికాలంలో పెరుగుదల పూర్తిగా ఆగిపోయే చల్లని దేశాల చెట్లలో ఏడాదికో వలయం స్పష్టంగా పడుతుంది. మన మర్రిలో ఆ వలయాలు నమ్మదగ్గట్టు ఏర్పడవు. పైగా ఇంత పెద్ద మర్రిలో మొట్టమొదటి మాను ఎప్పుడో పుచ్చిపోయి ఉంటుంది. ఈరోజు మీరు చూసే ఏ బోదెను కోసినా అది ఒక ఊడ వయసే చెబుతుంది, చెట్టు వయసు చెప్పదు. అందుకే "సుమారు" అన్న మాట తీసేసి రాయకండి.

ఎంత పెద్దది? ఇదంతా ఒక్క చెట్టేనా?

మూడెకరాలకు పైగా పరుచుకుంది. దూరం నుంచి చూస్తే ఒక పచ్చని గుట్టలా కనిపిస్తుంది, దగ్గరికొస్తే గాని అది చెట్టని తెలియదు. వెయ్యి మంది దాని నీడన కూర్చోవచ్చని చెబుతారు.

అవును, ఒక్క చెట్టే. మర్రి కొమ్మ అడ్డంగా సాగుతూ కింది నుంచి ఊడలు దింపుతుంది. ఊడ గాలిలో వేలాడుతున్నంత కాలం సన్నగా, తాడులాగే ఉంటుంది. కొస నేలను తాకి వేరు పట్టగానే పరిస్థితి మారిపోతుంది. నేలలోంచి నీళ్లు, పోషకాలు నేరుగా తీసుకుని లావెక్కుతూ కొన్నేళ్లలో మానుగా తయారవుతుంది. ఆ మాను దన్నుతో కొమ్మ ఇంకా ముందుకు పాకి మళ్లీ ఊడలు దింపుతుంది. ఇలా చెట్టు నడుస్తూ పోతుంది. మధ్యలో పాత భాగం చచ్చిపోయినా చుట్టూ ఉన్నది బతుకుతుంది. కోల్‌కతా దగ్గర హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మర్రికి బూజు తెగులు సోకితే 1925లో అసలు మానునే తీసేశారు. చెట్టు ఇప్పటికీ పచ్చగా ఉంది.

కాబట్టి మర్రికి ఆయువుపట్టు నడిమి బోదె కాదు. కొత్తగా దిగే ఊడలు, అవి దిగాల్సిన నేల, ఈ రెండే. మిగతా జవాబులన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉన్నాయి.

2017లో ఏమైంది?

ఆ డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చూస్తే లోపల చెద పట్టి ఉంది, చాలా భాగాల్లో కర్ర డొల్లగా మారింది. ఆ నెలలోనే సందర్శకులను లోపలికి రానివ్వడం ఆపేశారు. చెట్టు సంరక్షణను అటవీ శాఖ చూసుకోవడం మొదలుపెట్టింది.

అందరూ చెదను తిట్టారు గానీ చెద ఊరికే రాదు. చెదపురుగు ప్రధానంగా చచ్చిన కర్రను తింటుంది. పచ్చి పాలు కారే ఆరోగ్యమైన మర్రిలోకి అది తేలిగ్గా చొరబడలేదు. ముందు దారి ఏర్పడాలి. కొమ్మలెక్కి ఊగడం, కత్తితో పేర్లు చెక్కడం, విరిగిన కొమ్మ మొండిని అలాగే వదిలేయడం వల్ల బెరడు తెగుతుంది. తెగినచోట వాన నీరు దిగి కర్ర మెత్తబడుతుంది, బూజు పడుతుంది, ఆ తర్వాత చెద వస్తుంది. మరోవైపు ఏళ్ల తరబడి వేల కాళ్లు తొక్కిన నేల గట్టిపడిపోతుంది. నీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు, కొత్త ఊడ కొసకు దిగే చోటు ఉండదు. ఊతం దొరకని కొమ్మ బరువు పెరుగుతూ పెరుగుతూ విరుగుతుంది. తక్కువ వానలు పడే జిల్లాలో ఇవన్నీ ఒకేసారి కలిస్తే ఎంత పెద్ద చెట్టయినా ఓర్చుకోలేదు.

చెట్టుకు సెలైన్ ఎక్కించారంటే ఏమిటి? అది బలం మందా?

కాదు. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నది సీసా, గొట్టం, సూది ఉన్న పద్ధతిని మాత్రమే. లోపల ఉన్నది నీళ్లలో పలచగా కలిపిన క్లోర్‌పైరిఫాస్, అంటే చెదమందు.

మొదట మానుకు రంధ్రాలు చేసి మందు పోశారు. అది లోపలికి ఇంకకుండా బయటికి కారిపోయింది. అప్పుడు చుక్క చుక్కగా దించాలన్న ఆలోచన వచ్చింది. 2018 వేసవిలో సుమారు రెండు మీటర్లకు ఒకటి చొప్పున వందల సీసాలు కొమ్మలకు వేలాడదీశారు. నెమ్మదిగా పడే చుక్కను కర్ర పీల్చుకునేందుకు వ్యవధి దొరుకుతుంది. దేశ విదేశాల పత్రికల్లో వచ్చిన ఫోటోలు అవే.

సీసాల ఫోటోలు అందరికీ గుర్తున్నాయి, మిగతా పనులు గుర్తులేవు. నిజానికి చెట్టును నిలబెట్టడంలో వాటి పాత్ర తక్కువేమీ కాదు: వేళ్ల దగ్గర మట్టికి కూడా పలచని మందు పట్టించారు, బరువుతో వంగిన కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు కట్టారు, లేత ఊడలకు గొట్టాలు తొడిగి నేలకు దింపారు, ఎరువు వేశారు, మనుషుల్ని దూరంగా ఉంచారు. చెదమందు ఒక్కటే వాడి మిగతావి వదిలేసి ఉంటే మళ్లీ చెద పట్టేది.

మా ఊరి మర్రికీ చెద పట్టింది. మేమే సెలైన్ ఎక్కించవచ్చా?

వద్దు. క్లోర్‌పైరిఫాస్ విషం. ఒంటికి తగిలినా, గాలితో లోపలికి వెళ్లినా ప్రమాదం. చేపలకు, తేనెటీగలకు మరీ ప్రమాదం. రచ్చకట్ట పక్కన చెరువో బావో ఉంటే అసలు తలపెట్టకూడదు. మర్రిపండ్లు తినే పక్షులనూ లెక్కలోకి తీసుకోవాలి. మందు, మోతాదు, చోటు అన్నీ అటవీ శాఖ వాళ్లో, వ్యవసాయ విశ్వవిద్యాలయం కీటక శాస్త్రజ్ఞులో చూసి చెప్పాల్సినవి.

మీరు చేయగలిగింది వేరే ఉంది. ముందు నిజంగా చెదేనా, ఎంతవరకు పాకిందో చూడండి. మాను మీద కింది నుంచి పైకి పోయే మట్టి గొట్టాలు కనిపిస్తాయి. ఒకచోట రెండంగుళాల మేర గీకి వదిలేయండి. నాలుగైదు రోజుల్లో దాన్ని మళ్లీ మట్టితో పూడిస్తే లోపల చెద చురుగ్గా ఉన్నట్టే. తర్వాత చెక్క సుత్తితో మానును మెల్లగా తట్టి వినండి. గట్టి కర్ర కంగుమంటుంది, డొల్లబారిన చోట శబ్దం బోలుగా వస్తుంది. అలాంటి చోట్లకు సుద్దతో గుర్తు పెట్టి ఫోటోలు తీసుకోండి. పైపై మట్టి గొట్టాలను గట్టి చీపురుతో దులిపేయండి, కింద పడి ఉన్న ఎండు కొమ్మలను, కట్టెల మోపులను మాను దగ్గర నుంచి తీసేయండి. చెదకు మొదటి మేత అక్కడే దొరుకుతుంది.

తొర్రలను సిమెంటుతో పూడ్చే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. గాలికి చెట్టు కదిలినప్పుడు సిమెంటు కదలదు, మధ్యలో సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి దిగిన నీరు ఆరదు, కుళ్లు బయటికి కనపడకుండా పెరుగుతుంది. తొర్రలో చెత్త తీసి గాలి ఆడేలా వదిలేయడమే మేలు.

ఊడను నేలకు ఎలా దింపాలి?

మర్రి సంరక్షణలో అన్నిటికన్నా విలువైన పని ఇదే, ఖర్చు కూడా తక్కువ. జూన్‌లో వానలు మొదలయ్యే ముందు సిద్ధం చేసుకోవాలి.

ముందు ఊడను ఎంచుకోండి. ఊతం లేకుండా ఎక్కువ దూరం సాగిన కొమ్మ మీద, కొమ్మ మొదలుకూ కొసకూ మధ్యలో ఉన్నదైతే బాగా పనికొస్తుంది. కొస లేతగా, పసుపు తెలుపు రంగులో ఉంటే అది పెరుగుతున్నట్టు. నల్లబడి ఎండిపోయి ఉంటే వేరేది చూడండి. చేతికందే ఎత్తులో ఉన్న ఊడల కొసలన్నీ తెగి ఉంటే పిల్లలు పట్టుకుని ఊగుతున్నారని అర్థం, ముందు అది ఆగాలి.

ఊడకు సూటిగా కింద అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీయండి. పెద్ద వేరు తగిలితే నరకకుండా గుంతను పక్కకు జరపండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే వేడికి లేత కొస మాడిపోతుంది, చెద కూడా వస్తుంది.

నాలుగంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఊడ చుట్టూ మూసి, అడుగుకో చోట తాడుతో కట్టండి. చీల్చకుండా తొడిగితే తర్వాత తీయడం కష్టం. గొట్టం లేకపోతే లావుపాటి వెదురును చీల్చి కణుపులు తొలిచి వాడవచ్చు. గొట్టం కింది కొస గుంత మట్టిలో అర అడుగు దిగాలి, పైకొస ఊడ కొస కన్నా ఒక అడుగు ఎత్తుగా ఉండాలి. అదే మట్టి మిశ్రమాన్ని లోపల వదులుగా నింపండి, దట్టించకండి. గాలికి ఊగకుండా పక్కనే ఒక గుంజ పాతి దానికి కట్టండి. పై నుంచి రెండు రోజులకోసారి, ఎండాకాలంలో రోజూ నీళ్లు పోయండి. ఒక్క వారం మరిచిపోతే గొట్టంలో మట్టి ఎండి లేత కొస చచ్చిపోతుంది. ఎక్కువ చోట్ల ఈ ప్రయత్నం విఫలమయ్యేది నీళ్లు తప్పడం వల్లే.

ఊడ నేలలో పట్టిందని ఎలా తెలుస్తుంది? గొట్టం పైన కనిపించే భాగం లావెక్కుతుంది, వదులుగా ఉన్న ఊడ తాడు లాగినట్టు బిగుసుకుని నిటారుగా అవుతుంది. అప్పుడు గొట్టం తీసేయాలి. తీయకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే లావెక్కే ఊడకు గొట్టమే ఉరి అవుతుంది.

వంగిన కొమ్మకు దిమ్మె కడితే చాలా?

కట్టే తీరును బట్టి ఉంటుంది. కొమ్మ ఇప్పుడున్న ఎత్తులోనే దాన్ని ఆపాలి, జాకీ పెట్టి పైకి లేపకూడదు. లేపితే మొదలు దగ్గర చీలుతుంది. కొమ్మ ఆనే చోట దిమ్మె పైభాగాన్ని వెడల్పుగా, కాస్త గుంటగా చేసి, మధ్యలో మందపాటి రబ్బరు ముక్క వేయాలి. నేరుగా కాంక్రీటు మీద ఆనితే గాలికి రాసుకుని బెరడు ఊడిపోతుంది. పునాది తవ్వేటప్పుడు మణికట్టు లావు వేరు కనిపిస్తే చోటు మార్చాలి. ఇనుప తీగ చుట్టి కొమ్మను మరో కొమ్మకు కట్టడం, మేకులు కొట్టడం ఎంతమాత్రం పనికిరావు. దిమ్మె కట్టిన కొమ్మకు పక్కనే ఒక ఊడను దింపడం మొదలుపెట్టండి. దిమ్మె తాత్కాలిక ఊతం, ఊడ శాశ్వతం.

ఎండిన కొమ్మను ఎక్కడ కోయాలి?

మొదలు దగ్గర ఉబ్బెత్తుగా ఒక వలయం కనిపిస్తుంది. దానికి బయట, దాన్ని తాకకుండా కోయాలి. బరువైన కొమ్మకైతే మూడు కోతలు: మాను నుంచి అడుగున్నర దూరంలో కింది వైపు మూడో వంతు లోతు, దానికి కాస్త బయటగా పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మొండిని వలయం దగ్గర. ఒకే కోతతో పై నుంచి కోస్తే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది.

చెట్టు కింది నేలను ఎలా ఉంచాలి?

రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకండి. ఆ మంట పైపైన ఉండే సన్నని వేళ్లను, మట్టిలోని జీవాన్ని చంపుతుంది, పొగ లేత ఊడల కొసలను కమిలిస్తుంది. ఆకును మూడు నాలుగంగుళాల మందాన నేల మీదే పరిచి ఉంచండి, మానుకు అడుగు దూరం మాత్రం ఖాళీగా వదలండి. పాలమూరులాంటి చెల్క నేలల్లో తేమ నిలవాలంటే దీన్ని మించిన దారి లేదు. నీళ్లు మాను మొదట్లో కాకుండా కొమ్మల నీడ అంచున పారించాలి, నీళ్లు పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా ఉండేది అటువైపే.

సిమెంటు, టైల్స్ వద్దు. రచ్చకట్ట కట్టి మాను చుట్టూ మట్టి పోయడం కూడా వద్దు, బెరడు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. ఇప్పటికే ఉన్న రచ్చకట్టను పగలగొట్టమని ఎవరూ అడగరు గానీ, మాను చుట్టూ రెండడుగుల సిమెంటయినా తీసి మట్టి బయటపెట్టగలిగితే చెట్టుకు ఎంతో మేలు.

ఇప్పుడు పిల్లలమర్రి కిందికి వెళ్లనిస్తారా?

ఒకప్పటిలా కింద చాపలు వేసుకుని భోజనాలు చేయడానికి ఉండదు. బయటి దారి నుంచి చూడాలి. చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకుని ఊగినవాళ్లకు ఇది బాధగానే ఉంటుంది. అయినా ఆ కంచె వల్లే కొత్త ఊడలు నేల చేరుతున్నాయి. గేటు తెరిచి కనిపించినా లోపలికి వెళ్లకండి. అప్పుడే నేల చేరిన కొత్త ఊడ కొస మీద ఒక్క అడుగు పడితే చాలు, అది అక్కడితో ఆగిపోతుంది.

చెట్టుతో పాటు ఇంకేం చూడవచ్చు?

చెట్టు కింద సూఫీల దర్గా ఉంది. పక్కనే పురావస్తు మ్యూజియం, శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ప్రాంతం నుంచి రాయి రాయీ విప్పి తెచ్చి మళ్లీ కట్టిన రాజరాజేశ్వర ఆలయం ఉన్నాయి. ఆ గుడికి కనీసం ఒక అరగంట కేటాయించండి.

మర్రికి పూలు ఉండవంటారు, పండ్లెలా వస్తాయి?

పూలు ఉంటాయి, కాయ లోపల. జంటలుగా, తొడిమ లేకుండా ఆకుల మొదట్లో కాసే ఆ ఎర్రని గుండ్రటి కాయను చీలిస్తే గోడల నిండా వందల చిన్న పూలు కనిపిస్తాయి. కొసన ఉండే సూది మొనంత దారిలోంచి ఒక చిన్న కందిరీగ జాతి పురుగు దూరి పుప్పొడిని చేరుస్తుంది. ఆ దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి. మర్రి మీద మాత్రమే బతికే పురుగు అది, అది లేనిదే మర్రికి విత్తనం లేదు. చెట్టు మీద పురుగుమందు ఊరికే పిచికారీ చేయవద్దనడానికి ఇదీ ఒక కారణం. పండ్లను గోరువంకలు, కోయిలలు, గబ్బిలాలు తిని విత్తనాలు చల్లుతాయి.

ఈ చెట్టు కొమ్మ తెచ్చి నాటుకోవచ్చా?

ఈ చెట్టు నుంచి తుంచకండి. మొక్క కావాలంటే నర్సరీలో దొరుకుతుంది. లేదా రోడ్డు పక్క మర్రికి కరెంటు వాళ్లు కొట్టేసిన కొమ్మ చాలు. మణికట్టు లావు, ఆరేడు అడుగుల పొడవు ముక్క తీసుకుని, ఆకులు తుంచి, పాలు కారడం ఆగేదాకా ఒక రోజు నీడన ఉంచి, తొలకరిలో రెండడుగుల లోతున పాతండి. పైకొసకు పేడ ముద్ద పెడితే ఎండిపోకుండా ఉంటుంది. ఇంటి గోడ, బావి, సెప్టిక్ ట్యాంకు నుంచి కనీసం 20 మీటర్ల దూరం ఉండాలి. పెరటి చెట్టు కాదిది, చెరువుగట్టుకూ బడి మైదానానికీ తగినది.

దేశంలో ఇదే అతి పెద్ద మర్రా?

కాదు. శ్రీసత్యసాయి జిల్లా కదిరి దగ్గర గూటిబైలులోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, అది దాదాపు ఐదెకరాలు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా వెళ్లే బీజాపూర్ రోడ్డు వెంట వందల పాత మర్రులున్నాయి, రోడ్డు వెడల్పు పనుల మధ్య వాటి కోసం ఏళ్లుగా న్యాయపోరాటం జరిగింది. మర్రి కాకపోయినా ఇంకో చెట్టు పేరు చెప్పాలి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

మా వీధిలో పాత మర్రిని కొట్టేస్తామంటున్నారు. ఏం చేయాలి?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, దాన్నే వాల్టా అంటారు. దాని కింద అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు, సొంత స్థలంలో ఉన్నా సరే. ముందుగా అనుమతి కాగితం చూపించమని అడగండి. లేదంటే అటవీ శాఖ రేంజి కార్యాలయానికి, మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. ఫిర్యాదుతో పాటు నాలుగు వైపుల నుంచి తీసిన ఫోటోలు, ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపుతో కొలిచిన మాను చుట్టుకొలత, దగ్గరి ఇంటి నంబరు లేదా సర్వే నంబరు జతచేయండి. "ఇంటి మీద పడుతుంది" అన్నదే కారణమైతే, చెట్టు మొత్తం కాకుండా ఆ ఒక్క కొమ్మ బరువు తగ్గించడానికి అనుమతి కోరమని అవతలివాళ్లకు చెప్పి చూడండి. చాలాసార్లు దానితోనే పని అయిపోతుంది.